మగపెళ్ళివారికి, మస్కట్ నుంచి

ముందుగా ఒక మాట.
రియాల్‌ని రూపాయల్లోకి మార్చకండి.
మార్చారా, మంచినీళ్ళు కూడా గొంతు దిగవు.
మాణిక్యాంబ అత్తయ్యగారూ, మీకే చెబుతున్నా,
నోటిలెక్కల్లో మీరు దిట్టట కదా.

విమానం తెల్లవారుజామున దిగుతుంది.
గదికెళ్ళి పడుకోవద్దు.
సామాను నాన్న కారులో పడేసి
నేరుగా మత్రా చేపల మార్కెట్టుకి రండి.
పాలకొల్లువాళ్ళకి చేపలు చూపిస్తావా అని నవ్వకండి.
మనిషంత వంజరం ఒకటి
బల్ల మీద పడుకుని
పిలుపు అందని చుట్టంలా చూస్తుంటుంది.
బేరమాడితే ఆ ముసలాయన కోప్పడడు.
ఊరు అడుగుతాడు, పిల్లలెందరని అడుగుతాడు,
ఖర్జూరం చేతిలో పెడతాడు,
ఆఖర్న మళ్ళీ అదే ధర చెబుతాడు.

పక్కనే సూక్.
లుబాన్ కొనండి. సాంబ్రాణే కదా అనకండి,
వాసన చూశాక అనండి.
సూరిబాబు మామయ్యగారు తప్పిపోతారు.
ఫరవాలేదు, అందరూ తప్పిపోతారు,
దిగువకి నడుస్తూ పోతే
సముద్రం దగ్గర తేలతారు.

కొండల మీద చెట్టు లేదేమని అడక్కండి.
సాయంత్రం అయిదున్నరకి ఒక్కసారి చూడండి చాలు,
అప్పుడే దించిన బెల్లం రంగు.

వాన పడితే మీ అదృష్టం.
ఇక్కడ వానకి గొడుగు వెయ్యరు,
కార్లేసుకుని చూడ్డానికి వెళ్తారు.
మా బడికి వాన సెలవులుండేవి.

తిండి సంగతి.
రూవీలో దోసెలు బాగుంటాయి,
దోసెల కోసం సముద్రం దాటాలా?
పూర్ణ పిన్నిగారికి ఉల్లిపాయ కూడా పడదట,
ఆవిడకి గుజరాతీ భోజనశాలలో చెప్పి ఉంచాను.
మిగతావాళ్ళంతా రాత్రి పదికి
వాదీ కబీర్‌లో మా బిల్డింగు కిందికి.
మొయిదీన్ టీకొట్టు. కాసర్‌గోడ్ మనిషి.
కారు దిగకూడదు. హారన్ కొడితే టీ వస్తుంది.
పరాటాకి చీజు రాసి, చిప్సు పొట్లం నలిపి చల్లి,
చుట్టి కాగితంలో పెట్టిస్తాడు.
ఇదేం తిండమ్మా అంటారు.
పదో తరగతి లెక్కల పరీక్ష ముందురాత్రి
నేను మూడు తిన్నాను.
అక్కడ నాకు ఖాతా ఉంది.
నా పేరు చెబితే తెలీదు,
నాలుగో అంతస్తు, టైర్ల కంపెనీ అకౌంటెంటు గారమ్మాయి అనండి.

పెళ్ళి హోటల్ హాల్లో.
హోమం పొగకి అలారం మోగొచ్చు, కంగారు పడకండి,
మేనేజరు సెల్వరాజ్‌కి ముహూర్తం చెప్పి ఉంచాం,
ఆయన పంచాంగం కూడా చూసుకున్నాడట.
అరిటాకులు సలాలా నుంచి రాత్రి బస్సులో వస్తాయి,
వెయ్యి కిలోమీటర్లు కూర్చుని.
ఒకటి రెండు చిరిగి ఉంటే
పెద్దమనసు చేసుకోండి.

మీ వీసా పది రోజులు.
నాది ఇరవై ఆరేళ్ళు.
పుట్టింది ఇక్కడి ఆసుపత్రిలోనే,
అయినా రెండేళ్ళకోసారి కొత్త కార్డు,
అందులో నేను చేసే పని: కూతురు.
పెళ్ళయిన కూతురికి ఆ గడి లేదు.
రిసెప్షన్ అయిన బుధవారం
నాన్న నా కార్డు తీసుకెళ్ళి ఇచ్చేస్తారు.
కౌంటర్లో కుర్రాడు మూల కత్తిరిస్తాడు.
నాన్న లెక్కల మనిషి కదా,
రశీదు అడుగుతారు.

అందుకే ఈ చీటీ ఇంత పొడుగైంది.
చూడకుండా ఏదైనా మిగిలిపోతే
వచ్చే ఏడు కలిసే వద్దాం.
విమానాశ్రయంలో ఎడమవైపు వరస,
మీరు నిలబడ్డదే,
నాకింతవరకూ అక్కడ నిలబడటం తెలీదు,
మీరే నేర్పాలి.

నేనొకటి నేర్పుతాను.
మొయిదీన్ దగ్గర హారన్ పొడుగ్గా కొట్టకండి,
ఆయన చిన్నబుచ్చుకుంటాడు.
రెండు చిన్నవి.
అంతే.
అద్దం దించి ఉంచండి.